ఆఫీసు ఇంటర్‌కామ్‌లో బయటి లైన్లు మొరాయిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో ఇరవై ఏళ్లుగా ఇంటర్‌కామ్ బాక్సులు బిగిస్తున్నాను, బాగుచేస్తున్నాను. నర్సింగ్ హోములు, లాడ్జిలు, విత్తనాల షాపులు, ఊరి బయటి కాలేజీలు, ఎక్కడి నుంచి ఫోనొచ్చినా మొదటి మాట ఒకటే: “అన్నా, లైన్ పోయింది.” ఏ లైను, ఎప్పట్నుంచి, ఎట్లా పోయిందని అడిగితే “అదంతా నువ్వొచ్చి చూడు సామీ” అంటారు. వస్తాను. కానీ వచ్చాక నేను చేసేది చాలాసార్లు మీరే ఐదు నిమిషాల్లో చేసుకోగల పని. అందుకే పదేపదే అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట రాశాను.

బయటి లైన్ అంటే ఏది, లోపలి లైన్ అంటే ఏది?

టెలిఫోన్ కంపెనీ నుంచి మీ ఆఫీసుకు వచ్చేది బయటి లైన్. మీ బాక్సు నుంచి టేబుళ్ల మీది ఫోన్లకు పోయేవి లోపలి లైన్లు, అంటే ఎక్స్‌టెన్షన్లు. బాక్సు మీద సీఓ అని ఉన్నా, ట్రంక్ అని ఉన్నా, ఎఫ్‌ఎక్స్‌ఓ అని ఉన్నా అది బయటి లైన్ తగిలించే చోటే. పాత క్లర్కులు ఇప్పటికీ దాన్ని ‘పీ అండ్ టీ లైన్’ అంటారు. పీ అండ్ టీ అంటే పోస్ట్స్ అండ్ టెలిగ్రాఫ్స్, పాత తపాలా తంతి శాఖ. ఆ శాఖ 1985లోనే రెండుగా విడిపోయింది, 2000 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ వచ్చింది, పేరు మాత్రం మా వృత్తిలో అట్లాగే ఉండిపోయింది.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. బయటి లైన్‌లో కరెంటు అవతలి నుంచి వస్తుంది. ఎక్స్‌టెన్షన్‌కు కరెంటు మీ బాక్సే ఇస్తుంది. పెయింటింగ్ వేసేటప్పుడు వైర్లన్నీ పీకి, తర్వాత తోచినట్టు గుచ్చితే బయటి లైన్ పోయి ఎక్స్‌టెన్షన్ పోర్టులో కూర్చుంటుంది. రెండు వైపుల నుంచీ కరెంటు ఎదురెదురుగా వస్తే ఆ పోర్టు కాలిపోయినా పోవచ్చు. పెయింటర్ రాకముందే సెల్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

లైన్ పనిచేయడం లేదు. అన్నిటికంటే ముందు ఏం చేయాలి?

బాక్సు ఆఫ్ చేసి ఆన్ చేయడం కాదు. అందరూ మొదట చేసేది అదే, దానివల్ల తెలిసేది ఏమీ ఉండదు.

ఒక మామూలు ఫోను తీసుకోండి. స్పీకరూ డిస్‌ప్లేలూ అక్కర్లేదు, రెండు వైర్ల మీద నడిచే సాదా ఫోను చాలు. బయటి లైన్ మీ గోడ దగ్గరకు వచ్చే చోట చిన్న తెల్ల పెట్టె ఉంటుంది, రోజెట్ అంటాం. పెద్ద ఆఫీసుల్లో అయితే వైర్లన్నీ గుచ్చిన క్రోన్ పట్టీ ఉంటుంది. అక్కడ బాక్సుకు పోయే వైరును విడదీసి, బయట నుంచి వచ్చే జతకు ఈ ఫోను తగిలించండి. విడదీయడం ముఖ్యం. బాక్సు కూడా తగిలి ఉండగా చూస్తే, చెడింది బాక్సైనా లైన్ చెడినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు రిసీవర్ ఎత్తి వినండి. డయల్ టోన్ వచ్చిందా? అయితే ముందు సున్నా నొక్కి మీ సెల్‌కు ఒక కాల్ చేయండి, సెల్ నుంచి ఈ నంబరుకు ఒక కాల్ చేయండి. రెండూ బాగుంటే లైన్‌కు దోషం లేదు, తప్పు మీ గోడకు ఇవతల ఉంది. డయల్ టోన్ రాకపోతే తప్పు గోడకు అవతల ఉంది, టెలిఫోన్ వాళ్లకు చెప్పాల్సిందే. ఇది తేల్చకుండా వాళ్లను పిలిస్తే “మా లైన్ బాగుంది, మీ బాక్సే” అంటారు. నన్ను పిలిస్తే “బాక్సు బాగుంది, లైనే లేదు” అంటాను. మధ్యలో మీకు టెన్షన్.

ఒకసారి ఒక లాడ్జి మేనేజర్ ఇట్లా రెండు వారాలు మా ఇద్దరి మధ్య తిరిగాడు. చివరికి చూస్తే రోజెట్‌లో బల్లి చచ్చి, స్క్రూల దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉంది. దాన్ని మూత తీసి చూసినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు, నాతో సహా.

మల్టీమీటర్ ఉంది. దాంతో ఏం చూడాలి?

డీసీ వోల్ట్‌లలో పెట్టి బయటి జత మీద ఆనించండి. రాగి లైన్ అయితే ఎవరూ మాట్లాడనప్పుడు 48 వోల్టుల చుట్టూ చూపించాలి. రిసీవర్ ఎత్తగానే పది వోల్టుల దగ్గరికో అంతకంటే కిందికో పడాలి. అట్లా పడటమే ‘ఫోను ఎత్తారు’ అని ఎక్స్‌చేంజీకి తెలిసే సంకేతం.

సున్నా చూపిస్తే వైరు తెగి ఉండాలి, లేదా రెండు వైర్లూ ఎక్కడో ఒకదానికొకటి తగిలి ఉండాలి. ఎత్తకుండానే పది, పదిహేను చూపిస్తుంటే ఎక్కడో కరెంటు కారిపోతోంది. ఇక్కడ ఒక కిటుకు ఉంది. బాక్సు నుంచి విడదీసినప్పుడు 48, బాక్సుకు కలపగానే 20 లేదా 10కి పడిపోతుంటే, ఆ పోర్టు లోపల పిడుగుల నుంచి కాపాడే చిన్న భాగం కాలి షార్ట్ అయి ఉంటుంది. అది తన ప్రాణం ఇచ్చి బాక్సును కాపాడింది. పోర్టు కార్డు తీసి రిపేరుకు ఇవ్వొచ్చు, బాక్సంతా మార్చనక్కర్లేదు.

వైర్లను చేత్తో పట్టుకుని చూడకండి. 48 వోల్టులకు పెద్దగా ఏమీ కాదు కానీ అదే సమయంలో ఎవరైనా కాల్ చేస్తే రింగ్ కోసం డెబ్బై, ఎనభై వోల్టుల ఏసీ వస్తుంది. నిచ్చెన మీద ఉన్నవాడికి ఆ జర్కు చాలు కిందపడటానికి.

బయట నుంచి చేసేవాళ్లకు ఎప్పుడూ ఎంగేజ్ వస్తోందట. మేమెవరమూ మాట్లాడటం లేదు.

వాళ్లకు ఏం వినిపిస్తోందో అడిగారు కదా, మంచి పని చేశారు. సగం జవాబు అక్కడే ఉంటుంది.

ఎంగేజ్ వినిపిస్తే, ఎక్స్‌చేంజీ దృష్టిలో మీ ఫోను ఎత్తి ఉంది. వైర్లు ఒకదానికొకటి తగిలి ఉండొచ్చు, తడి చేరి ఉండొచ్చు, బాక్సు ఆ లైన్‌ను వదలకుండా పట్టుకుని ఉండొచ్చు. ప్యారలల్‌గా ఇంకో ఫోను పెట్టుకుని ఉంటే దాని రిసీవర్ సరిగా పెట్టి ఉండకపోవచ్చు. యజమాని గదిలో దాచినట్టు ఒక ఫోను ఉంటుంది, ముందు అది చూడండి.

వాళ్లకు రింగ్ వినిపిస్తూ మీ దగ్గర ఏదీ మోగకపోతే సంగతి వేరు. వైరు తెగినా ఎక్స్‌చేంజీకి అది తెలియదు, అవతలివారికి మామూలుగానే రింగ్ వినిపిస్తుంది. లేదా లైన్ బాగుండి, బాక్సులో ఆ లైన్ ఎక్కడ మోగాలో తప్పుగా రాసి ఉండొచ్చు. ఉద్యోగం మానేసిన ఒకామె ఎక్స్‌టెన్షన్‌కు రింగ్ పోతుంటుంది, ఆ ఫోను బీరువాలో ఉంటుంది. నేను కళ్లారా చూశాను.

ఒకసారి కాల్ వెళ్తుంది, ఇంకోసారి వెళ్లదు. రోజూ ఇదే గోల.

మీకు రెండు కంటే ఎక్కువ బయటి లైన్లు ఉన్నాయి కదూ? మీరు సున్నానో తొమ్మిదో నొక్కినప్పుడు బాక్సు ఖాళీగా ఉన్న లైన్లలో ఒకదాన్ని తీసి ఇస్తుంది. చాలా బాక్సుల్లో వంతులవారీగా ఇచ్చే పద్ధతి ఉంటుంది. నాలుగు లైన్లలో ఒకటి చచ్చి ఉంటే ప్రతి నాలుగో కాల్ చచ్చిన లైన్ మీద పడుతుంది. పైగా ఆ లైన్ మీద ఎవరూ మాట్లాడరు కాబట్టి అది ఎప్పుడూ ఖాళీ. రద్దీ సమయంలో మిగతా మూడూ మాటల్లో ఉంటే అందరికీ అదే దొరుకుతుంది. ఆఫీసంతా “ఇంటర్‌కామ్ పాడైంది” అనుకుంటుంది.

ఏ లైనో పట్టుకోవాలి. ప్రతి బయటి లైన్‌ను విడిగా తీసుకోవడానికి ఒక కోడ్ ఉంటుంది, బాక్సు పుస్తకంలో చూడండి. కోడ్ దొరక్కపోతే క్రోన్ దగ్గర ఒక్కొక్క లైనూ విడదీసి మామూలు ఫోనుతో చూడటమే. దొరికాక దాన్ని బాగయ్యేదాకా గ్రూపు నుంచి తీసేయించండి. మూడు మంచి లైన్లు, నాలుగింటిలో ఒకటి దొంగ లైన్ ఉండటం కంటే నయం.

వచ్చే కాల్స్‌కూ ఇదే బాధ ఉంది, ఇంకా గట్టిది. ఒకే నంబరు బోర్డు మీద రాసి, దాని వెనుక నాలుగు లైన్లు పెట్టుకున్న ఆసుపత్రులకు టెలిఫోన్ కంపెనీ ‘హంటింగ్’ ఇస్తుంది. మొదటి లైన్ బిజీ అయితే కాల్ రెండోదానికి, తర్వాత మూడోదానికి పోతుంది. వైరు తెగిన లైన్ ఎక్స్‌చేంజీకి ఖాళీ లైన్‌లాగే కనిపిస్తుంది. కాల్ అక్కడే ఆగి చేసినవాళ్లకు రింగ్ వినిపిస్తూనే ఉంటుంది, పక్క లైన్‌కు పోదు. తెగింది మొదటి లైనే అయితే బోర్డు మీది నంబరుకు చేసిన ఏ రోగికీ ఎవరూ పలకరు, మీ మిగతా మూడు లైన్లూ బంగారంలా ఉన్నా సరే. కంప్లైంట్ ఇచ్చేటప్పుడే “బాగయ్యేదాకా దాన్ని హంటింగ్ నుంచి తీసేయండి” అని అడగండి. అడిగితేనే చేస్తారు.

ఊళ్లో ల్యాండ్‌లైన్లకు పోతుంది. సెల్ నంబరుకు మాత్రం పోవడం లేదు. ఎందుకు?

2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ మీద నుంచి ఏ సెల్‌కు చేయాలన్నా ముందు సున్నా నొక్కాలి. సెల్ నుంచి సెల్‌కు, ల్యాండ్‌లైన్ నుంచి ల్యాండ్‌లైన్‌కు ఏ మార్పూ లేదు. ఇన్నేళ్లయినా ఈ సున్నా పేచీ తీరలేదు, కారణాలు రెండు.

మొదటిది: చాలా ఆఫీసుల్లో బయటి లైన్ తీసుకోవడానికే సున్నా నొక్కుతారు. అప్పుడు సెల్‌కు చేయాలంటే రెండు సున్నాలు కావాలి. ఒకటి మీ బాక్సుకు, రెండోది టెలిఫోన్ కంపెనీకి. ఆ తర్వాత పది అంకెలు. కొత్తగా చేరిన రిసెప్షనిస్టుకు ఇది ఎవరూ చెప్పరు. ఆ అమ్మాయి ఒక్క సున్నా నొక్కి, రికార్డు చేసిన గొంతు విని, లైన్ పాడైందని రాస్తుంది.

రెండోది: ఎస్టీడీ లాక్. పాత రోజుల్లో సిబ్బంది ఎస్టీడీ, అంటే వేరే ఊళ్లకు కాల్స్, చేయకుండా ఎక్స్‌టెన్షన్లకు ‘సున్నాతో మొదలయ్యేవి బంద్’ అని లాక్ వేశాం. నేనే వేశాను వందల ఫోన్లకు. ఇప్పుడు ఆ లాకే సెల్ కాల్స్‌నూ ఆపుతోంది. యజమాని ఫోను నుంచి పోతుంది, అకౌంట్స్ ఫోను నుంచి పోదు అంటే అనుమానమే అక్కర్లేదు, ఇదే.

సెల్ వదిలి ఎస్టీడీని మాత్రమే ఆపమంటారు కొందరు. అది అంత తేలిక కాదు. సెల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి. మన అనంతపురం కోడ్ 08554, కర్నూలు 08518, కడప 08562. సున్నా ఎనిమిది దాకా చూసి బాక్సు ఇది సెల్లా, కడపా అని తేల్చుకోలేదు. నా సలహా, బయటి లైన్ తీసుకున్నాక (బాక్సు కోసం నొక్కే సున్నాను లెక్కలోకి తీసుకోకుండా) రెండు సున్నాలతో మొదలయ్యే విదేశీ కాల్స్‌ను ఆపి మిగతావి వదిలేయండి. ఇప్పటి ప్లాన్లలో చాలావాటికి ఎస్టీడీకి విడిగా డబ్బు పడదు, కాపలా కాసి మిగిలేదేమీ లేదు.

మాట్లాడి పెట్టేశాక కూడా ఆ లైన్ బిజీగానే చూపిస్తోంది. బాక్సు ఆఫ్ చేస్తే గానీ వదలదు.

మనిషి ఎత్తిన ఫోను మనిషే పెట్టేస్తాడు. కానీ “నమస్కారం, మీకు కావలసిన ఎక్స్‌టెన్షన్ నొక్కండి” అని గొంతు వినిపించే బాక్సుల్లో కాల్‌ను ఎత్తింది యంత్రం. అవతలివాళ్లు విసుగొచ్చి పెట్టేస్తే, పెట్టేశారని ఆ యంత్రానికి తెలియాలి. రాగి లైన్ మీద అది తెలుసుకునే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి, ఎక్స్‌చేంజీ పంపే ఎంగేజ్ టోన్‌ను గుర్తుపట్టడం. రెండు, కాల్ ముగిసినప్పుడు లైన్‌లో ప్లస్, మైనస్ తారుమారు కావడం. ఈ రెండోది పాత ఎస్టీడీ బూత్‌లలో మీటరు తిరగడానికి వాడేవాళ్లు, అడిగితేనే ఇస్తారు.

మన దేశంలో ఎంగేజ్ టోన్ 400 హెర్ట్జ్, ముప్పావు సెకను కూత, ముప్పావు సెకను నిశ్శబ్దం. బాక్సును వేరే దేశం సెట్టింగులో వదిలేస్తే ఆ కూత దానికి అర్థం కాదు, లైన్‌ను అట్లా పట్టుకునే కూర్చుంటుంది. సెట్టింగులో దేశం ఇండియా అని ఉందో లేదో చూడండి. ఉన్నా వదలకపోతే ‘ఇన్ని నిమిషాలు దాటితే కాల్ కట్ చేయి’ అనే సమయాన్ని గొంతు వినిపించే భాగానికి పెట్టించండి. రెండు, మూడు నిమిషాలు చాలు.

ఈ జబ్బు రాగి నుంచి ఫైబర్‌కు మారిన వారంలో బయటపడటం చాలాసార్లు చూశాను. టోన్ ఇచ్చే యంత్రం మారింది, దాన్ని వినే యంత్రం మారలేదు.

లైన్‌లో ఒకటే గరగర.

ఎప్పుడు వస్తుందో గమనించండి. వాన పడ్డాక వచ్చి, రెండు రోజులు ఎండ కాస్తే తగ్గేది బయటి జాయింట్లలో తడి. స్తంభం మీది డీపీ పెట్టె (కేబుల్ నుంచి ఒక్కొక్కరి జత విడిపోయే చోటు) మూత ఊడి ఉంటుంది, లేదా అక్కడి నుంచి మీ గోడకు వచ్చే డ్రాప్ వైరును ఉడత కొరికి ఉంటుంది. మనకు వానలు తక్కువ కాబట్టి ఏడాదిలో పది నెలలు ఆ జాయింటు నటిస్తూ బతికేస్తుంది, తొలకరికి బయటపడుతుంది. ఎండాక కంప్లైంట్ ఇస్తే లైన్‌మన్ వచ్చి “బాగానే ఉంది కదా సార్” అని వెళ్తాడు. గరగర ఉన్నప్పుడే పిలవండి.

ఎప్పుడూ ఒకే తీరుగా ‘హుమ్’ అని కరెంటు మోత వస్తుంటే, ఫోను వైరు కరెంటు వైరుతో పాటు ఒకే పైపులో పోతోందేమో చూడండి. లేదా జతలో ఒక వైరు తడి గోడకో ఇనుముకో తగిలి ఎర్త్ అవుతోంది. బుస్‌మనే శబ్దం అయితే, రాగి లైన్ మీదే ఇంటర్నెట్ కూడా ఉండి ఫిల్టర్ పెట్టలేదని అర్థం.

ఫైబర్ లైన్‌లో గరగర వస్తే మాత్రం బయటివాళ్లను తిట్టకండి. గాజు పోగులో వెలుతురు పోతుంది, దానికి తడి తగిలినా గరగరలాడదు. తప్పు ఆ తెల్ల మోడెం నుంచి మీ బాక్సు దాకా ఉన్న వైరులోనే ఉంటుంది.

వేరేవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. మా ఫోన్లు ఎవరైనా వింటున్నారా?

లేదు. కేబుల్‌లో మీ జతా పక్క జతా తడి వల్ల కలుస్తున్నాయి, లేదా జాయింటు వేసినప్పుడు ఒక జతలోది ఒక వైరు, ఇంకో జతలోది ఇంకో వైరు కలిపారు. మీకు వినిపిస్తోందంటే వాళ్లకు మీది వినిపిస్తోంది. బాగయ్యేదాకా డబ్బుల మాటలు సెల్‌లో మాట్లాడుకోండి.

ప్రతి ఏడాదీ ఉరుములకు ఒక కార్డు పోతోంది. ఏం చేయాలి?

ఎర్త్. నేను చెప్పేది ఎవరికీ నచ్చదు, ఎందుకంటే గుంత తవ్వాలి.

క్రోన్ పట్టీ మీద పిడుగు రక్షణకు చిన్న చిన్న బిళ్లలు గుచ్చుతాం. లైన్ మీద వచ్చిన పోటును అవి పట్టి నేలలోకి పంపాలి. నేలలోకి దారే లేకపోతే ఆ పోటు మీ కార్డులోంచే పోతుంది. బిళ్లలు కొని ఎర్త్ వైరు కలపని ఆఫీసులు ఎన్నో.

మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన. ఎర్ర గరుసు నేల, కింద రాయి. మామూలు ఊళ్లలో రాడ్డు కొట్టి వదిలేస్తే సరిపోయేది ఇక్కడ సరిపోదు. బొగ్గు, ఉప్పు పొరలు వేసి గుంత పూడ్చి, పైన ఒక పైపు వదలండి. ఫిబ్రవరి నుంచి వారానికి ఒకసారి ఆ పైపులో రెండు బిందెల నీళ్లు పోయించండి. ఎర్త్ కొలిచే మీటరుతో 5 ఓమ్‌ల లోపు రావాలి. ఏప్రిల్, మే గాలివానలకు నేల ఎండిపోయి ఉంటుంది, పిడుగులు పడేది అప్పుడే. గుంతకు నీళ్లు పోసే పని తోటమాలికి అప్పజెప్పండి, ఆఫీసు బాయ్‌కు చెబితే మరిచిపోతాడు.

ఇంకో మాట. ఉరుముతున్నప్పుడు వైర్లు పీకడానికి పోకండి. పీకాలంటే మబ్బు పట్టినప్పుడే పీకాలి.

ఫైబర్‌కు మారాక కరెంటు పోతే ఫోను కూడా పోతోంది. ముందు ఇట్లా ఉండేది కాదే!

నిజమే. రాగి లైన్‌కు కరెంటు ఎక్స్‌చేంజీ బ్యాటరీల నుంచి వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను పలికేది. చాలా ఇంటర్‌కామ్ బాక్సుల్లో కరెంటు లేనప్పుడు మొదటి బయటి లైన్‌ను నేరుగా ఒక ఎక్స్‌టెన్షన్‌కు కలిపే ఏర్పాటు కూడా ఉంటుంది.

ఫైబర్‌లో గాజు పోగు కరెంటు మోయదు. టోన్ ఇచ్చేది మీ గోడకున్న మోడెం. అది ఆరిపోతే లైన్ లేదు. బాక్సును యూపీఎస్‌కు పెట్టి మోడెంను మామూలు ప్లగ్గులో వదిలేసిన ఆఫీసులు లెక్కలేనన్ని. రెండూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి. మోడెంకు చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు విడిగా కూడా దొరుకుతాయి, ముందు మీ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో చదివి కొనండి. కరెంటు వచ్చాక మోడెం లేచి టోన్ ఇవ్వడానికి కొద్ది నిమిషాలు పడుతుంది, అప్పుడే కంప్లైంట్ ఇవ్వకండి.

మోడెం మీద పాన్ (PON) అని రాసిన దీపం నిలకడగా వెలగాలి. లాస్ (LOS) అని రాసిన చోట ఎరుపు వెలిగితే పోగు తెగింది, లేదా బీరువా వెనుక నలిగి వంగింది. ఆ రెండూ బాగుండి ఫోను దీపం వెలగకపోతే పోగుకు దోషం లేదు, మీ నంబరు అవతల రిజిస్టర్ కాలేదు. ఈ మూడు దీపాలూ ఫోనులో చదివి చెబితే చాలు, సగం తేలిపోతుంది.

పగటి కాల్స్ వాచ్‌మన్ గదిలో మోగుతున్నాయి.

బాక్సు గడియారం చూడండి. ఆఫీసు వేళల్లో రిసెప్షన్‌లో, రాత్రి వాచ్‌మన్ దగ్గర మోగేలా పెట్టి ఉంటారు. లోపలి చిన్న బటన్ బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం మొదటికి వస్తుంది. దానికి పగలు రాత్రి అవుతుంది. లైన్‌కు ఏ జబ్బూ లేదు, చిన్న బ్యాటరీ ఖర్చు. మార్చేముందు ప్రోగ్రామ్ అంతా రాసిపెట్టుకోమనండి, కొన్ని బాక్సుల్లో బ్యాటరీతో పాటు అదీ పోతుంది.

చేసినవాళ్ల నంబరు కనపడటం లేదు.

మామూలు ఫోనులో నేరుగా పెట్టినా రాకపోతే ఆ సదుపాయం మీ లైన్ మీద లేదు. అక్కడ వచ్చి బాక్సులో రాకపోతే, నంబరు పంపే పద్ధతుల్లో తేడా. డీటీఎంఎఫ్ అని ఒకటి, ఎఫ్‌ఎస్‌కే అని ఒకటి. బాక్సులో మార్చి చూడండి. కొన్ని పాత బాక్సులకు దీనికి విడి కార్డు కావాలి.

కాల్‌ను లోపలికి ఇవ్వబోతే కట్ అయిపోతోంది.

ఫ్లాష్ బటన్ సమయం. ఆ బటన్ లైన్‌ను ఒక్క క్షణం తెంపి కలుపుతుంది. అది ఎక్కువసేపు తెగితే మీరు పెట్టేశారని బాక్సు అనుకుంటుంది, తక్కువైతే అసలు గుర్తించదు. ఫోను అడుగున 100, 300, 600 అని చిన్న మీట ఉంటే మార్చి చూడండి. కొత్త ఫోను కొన్న మర్నాడే ఈ కంప్లైంట్ వస్తే ఇంకేమీ వెతకక్కర్లేదు.

సిమ్ వేసే బాక్సు, ఇంటర్నెట్ లైన్ కూడా వాడుతున్నాం. వాటి సంగతి?

సిమ్ బాక్సుకు సగం జబ్బులు రీచార్జ్ లేకపోవడమే. మిగతా సగం సిగ్నల్. కిటికీ దగ్గరకు ఏరియల్ జరిపి చూడండి. జియో సిమ్ పాత బాక్సుల్లో పనిచేయదు, ఆ కంపెనీకి 2జీ, 3జీ నెట్‌వర్కులే లేవు, 4జీ వాయిస్ తెలిసిన బాక్సు కావాలి.

ఇంటర్నెట్ మీద వచ్చే సిప్ లైన్‌లో ఎక్కువగా వచ్చే కంప్లైంట్, ఒకవైపు మాటే వినిపించడం. అది లైన్ తప్పు కాదు, రౌటర్‌ది. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ ఉంటే ఆపించి చూడండి. అప్పటికీ కుదరకపోతే నెట్‌వర్క్ చూసేవాళ్లనూ నన్నూ ఒకేసారి పిలవండి, విడివిడిగా వద్దు.

కంప్లైంట్ ఎట్లా ఇస్తే త్వరగా పట్టించుకుంటారు?

బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్ల కంప్లైంట్‌కు 198 పాత నంబరు, కస్టమర్ కేర్ 1500. ఏ కంపెనీదైనా డాకెట్ నంబరు, అంటే వాళ్లిచ్చే కంప్లైంట్ నంబరు, రాసుకోండి. “లైన్ డెడ్” అని ఊరుకోవద్దు. “బాక్సు నుంచి విడదీసి రోజెట్ దగ్గర మామూలు ఫోను పెట్టి చూశాం, డయల్ టోన్ లేదు, వోల్టేజి సున్నా, చేసేవాళ్లకు రింగ్ వినిపిస్తోంది” అని చెప్పండి. ఆ మాట విన్న లైన్‌మన్ నిచ్చెన తీసుకుని నేరుగా డీపీ దగ్గరికే పోతాడు. మీ రిసెప్షన్‌లో కూర్చుని టీ తాగి, బాక్సు వైపు వేలు చూపించే అవకాశం అతనికి ఉండదు. పాపం, వాళ్ల మీద కోపమొద్దు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు జేసీబీ కేబుల్ తెంపితే వందల జతలు రంగులు చూసి ఒక్కొక్కటీ కలపాలి.

బాక్సు పాతదైంది. మార్చేయమంటారా?

మూడు బయటి లైన్లు, ఎనిమిది ఎక్స్‌టెన్షన్ల బాక్సు పదిహేనేళ్లుగా నడుస్తూ ఒక్క పోర్టు పోయిందని కొత్తది కొనమని నేను చెప్పను. ఖాళీ పోర్టు ఉంటే లైన్ దానికి మార్చుకుని వాడండి. కార్డులు దొరకడం ఆగిపోయినప్పుడు, ప్రోగ్రామ్ చేసే ఫోను కూడా పాడైనప్పుడు మార్చండి. కొత్తది కొనేవాళ్లు పాత బాక్సును వెంటనే పాత సామాన్లవాడికి వేయకండి. నెల రోజులు స్టోర్ రూములో ఉండనివ్వండి. దాంతో వచ్చిన సాదా ఫోను మాత్రం రోజెట్ పక్కన మేకుకు తగిలించండి.